కిడ్నీలు దెబ్బతిన్న పెద్దవాళ్ళలో క్యాన్సర్ నొప్పి: ఇంట్లో చూసుకునేవాళ్ళకి సమగ్ర మార్గదర్శి

"కిడ్నీలు బాగాలేవు కదా, నొప్పి మాత్రలు పడవు, ఓర్చుకోవాలి" అనే మాట క్యాన్సర్ ఉన్న పెద్దవాళ్ళ ఇళ్ళలో తరచూ వినపడుతుంది. కొన్ని ఇళ్ళలో దీనికి పూర్తిగా ఎదురు జరుగుతుంది. రాత్రి పదకొండింటికి మనిషి మూలుగుతుంటే కొడుకు వీధి చివర మందుల షాపుకి పరిగెత్తి "నొప్పికి గట్టిదేదైనా ఇవ్వండి" అని ఒక షీటు తెస్తాడు. రెండూ తప్పే. మొదటి దారిలో మనిషి లేనిపోని బాధ పడతారు. రెండో దారిలో మిగిలిన కాస్త కిడ్నీ కూడా చేజారుతుంది.

కిడ్నీలు మందగించినా క్యాన్సర్ నొప్పిని చాలావరకు అదుపులో పెట్టొచ్చు. కాకపోతే మందు మారుతుంది, మోతాదు తగ్గుతుంది, మోతాదుల మధ్య ఎడం పెరుగుతుంది, ఇంట్లోవాళ్ళు కనిపెట్టుకుని ఉండాల్సిన పని ఎక్కువవుతుంది. కింద కొన్ని మోతాదులు రాశాను. అవి మీరు సొంతంగా మొదలుపెట్టడానికి కాదు. డాక్టర్ రాసిన చీటీ చదువుకోవడానికి, అనుమానం వస్తే "డాక్టర్ గారూ, ఈవిడ కిడ్నీకి ఇది ఎక్కువేమో చూస్తారా?" అని అడగడానికి.

1. ముందు కిడ్నీ ఎంత పనిచేస్తోందో తేల్చుకోండి

క్రియాటినిన్ ఒక్కటే చూసి నిర్ణయానికి రావద్దు. క్రియాటినిన్ అంటే కండల నుంచి రక్తంలోకి వచ్చే వ్యర్థం, దాన్ని కిడ్నీలు బయటికి పంపుతాయి. క్యాన్సర్‌తో చిక్కిపోయిన పెద్దవాళ్ళకి కండే ఉండదు కాబట్టి కిడ్నీ సగానికి సగం పడిపోయినా ఆ అంకె పెద్దగా పెరగదు. రిపోర్టులో 1.3 కనిపిస్తే "కొంచెం ఎక్కువ, పర్లేదు" అనుకుని పక్కన పెట్టేస్తారు.

ఆ 1.3ని లెక్కలో పెట్టి చూద్దాం. 76 ఏళ్ళ ఆవిడ, బరువు 45 కిలోలు. 140లోంచి వయసు తీసేస్తే 64. దాన్ని బరువుతో గుణిస్తే 2880. కింద 72ని 1.3తో గుణిస్తే 93.6. భాగిస్తే దాదాపు 31. ఆడవాళ్ళకి 0.85తో గుణించాలి కాబట్టి చివరికి 26. అంటే నిమిషానికి 26 మిల్లీలీటర్ల రక్తాన్ని మాత్రమే ఆ కిడ్నీలు శుభ్రం చేస్తున్నాయని అంచనా. మందుల మోతాదులు తేల్చడానికి ఎక్కువగా వాడే కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్క ఇదే.

అదే రక్తానికి ల్యాబ్ వాళ్ళు ఇచ్చే కాగితంలో ఇ-జీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోతకి ఇంకో అంచనా) 42 దగ్గర ఉండొచ్చు, ఎందుకంటే ఆ లెక్క ఈవిడ బరువును చూడదు. బక్కపలచటి పెద్దవాళ్ళలో ఈ రెండు అంకెలకీ ఇంత తేడా వచ్చినప్పుడు మందుల విషయంలో తక్కువ అంకెనే నమ్ముకోవడం క్షేమం. మందుల చీటీ పైన పెద్ద అక్షరాలతో వయసు, బరువు, క్రియాటినిన్, తేదీ రాసిపెట్టండి. బరువు లేకుండా ఈ లెక్క కట్టలేం, మన చీటీల్లో తరచూ లేనిది అదే.

ఇక్కడి నుంచి ఈ కిడ్నీ అంకెకి మూడు గీతలు గుర్తుంచుకుంటే చాలు. 60 పైన ఉంటే మామూలు జాగ్రత్త. 30 నుంచి 60 మధ్య అయితే మోతాదులు తగ్గాలి. 30 కిందకి వస్తే కొన్ని మందులు పూర్తిగా మానాలి, కొన్నిటిని మార్చాలి.

ఇంకొక ప్రశ్న అడగకుండా వదలొద్దు: ఈ కిడ్నీ దెబ్బ తిరిగి కోలుకునేదేనా? ప్రోస్టేట్, గర్భాశయ ముఖద్వారం, మూత్రాశయం క్యాన్సర్లలో గడ్డ మూత్రనాళాలను నొక్కేసి కిడ్నీలు ఉబ్బుతాయి. అల్ట్రాసౌండ్‌లో అది కనిపిస్తుంది. స్టెంట్ వేసినా, నడుం వెనక నుంచి కిడ్నీలోకి గొట్టం పెట్టినా క్రియాటినిన్ దిగొచ్చే అవకాశం ఉంది. ఎముక మజ్జలో వచ్చే మల్టిపుల్ మైలోమాలో అయితే ఎముకల నొప్పీ కిడ్నీ దెబ్బా ఒకే జబ్బు నుంచి వస్తాయి, జబ్బుకి చికిత్స జరిగితే రెండూ తగ్గొచ్చు. వాంతులు, విరేచనాలు, రక్తంలో కాల్షియం పెరగడం కూడా సరిచేయగలిగినవే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు, కవిటి, సోంపేట, కంచిలి, మందస మండలాల్లో, కిడ్నీ జబ్బు ముందు నుంచే ఉన్న ఇళ్ళు చాలా ఎక్కువ. అక్కడి పెద్దవాళ్ళకి తమ క్రియాటినిన్ నోటికి వచ్చు. చిక్కేమిటంటే కిడ్నీ ఫైలు ఒక సంచిలో, క్యాన్సర్ ఫైలు ఇంకో సంచిలో ఉంటుంది. విశాఖ వెళ్ళేటప్పుడు రెండూ పట్టుకెళ్ళాలి.

2. నొప్పి ఎలాంటిదో అడిగి తెలుసుకోండి

మన పెద్దవాళ్ళు "బాగానే ఉందిలే" అంటారు. పిల్లలకి ఖర్చని, సెలవు పెట్టాల్సి వస్తుందని, లేదా నొప్పి పెరిగిందంటే జబ్బు ముదిరిందని అర్థమేమోనన్న భయంతో. కాబట్టి "నొప్పిగా ఉందా?" అని అడిగితే లాభం లేదు. "రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది? పక్కకి తిరిగితే ఎక్కడ పట్టేస్తోంది? పొద్దున ఇడ్లీ ఎందుకు వదిలేశావమ్మా?" అని అడగండి.

పదికి ఎంత అంటే చాలామంది పెద్దవాళ్ళు తికమకపడతారు. రూపాయి లెక్క బాగా పనిచేస్తుంది. "భరించలేనిది రూపాయి అనుకో. ఇప్పుడెంత? పావలానా, అర్ధా, ముప్పావలానా?" మందు ఇవ్వకముందు ఒకసారి, ఇచ్చిన గంటకి ఒకసారి అడిగి నోట్‌బుక్‌లో రాయండి.

వాళ్ళు వాడే మాటలోనే మందు ఏదో సగం తెలిసిపోతుంది. సలుపుతోంది, పోటు పెడుతోంది, కదిలితే చంపేస్తోంది అంటే ఎముకలూ కండరాల వైపు చూడాలి. మంట, చురుకులు, తిమ్మిరి, కరెంటు కొట్టినట్టు జివ్వుమంటోంది అంటే నరం. మెలిపెడుతోంది, వచ్చి పోతోంది అంటే పేగో మూత్రనాళమో. ఒకే మనిషికి రెండు మూడు రకాలు ఉండటం మామూలే, అందుకే ఒక్కో చోటు నొప్పిని విడిగా రాసుకోండి.

మతిమరుపు ముదిరి మాట చెప్పలేనివాళ్ళని చూసి తెలుసుకోవాలి: నుదురు ముడిపడటం, పళ్ళు బిగపట్టడం, ఒంటిమీద చెయ్యి వేస్తే తోసేయడం, ఒక పక్కకి అస్సలు తిరగకపోవడం, నిమిరినా ఊరడిల్లకపోవడం.

3. మందుల సంచి బోర్లించండి

మంచం మీద పాత దుప్పటి పరిచి ఇంట్లో ఉన్న మందులన్నీ కుమ్మరించండి. మోకాళ్ళ నొప్పికి ఎప్పుడో వాడినవి, పక్కింటివాళ్ళు ఇచ్చినవి, ఫ్రిజ్ మీద డబ్బాలో ఉన్నవి, అన్నీ. బ్రాండు పేరు వదిలేసి కింద సన్నటి అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదవండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, న్యాప్రోక్సెన్, కీటోరొలాక్, ఇండోమెథాసిన్, మెఫెనమిక్ యాసిడ్, ఎటోరికాక్సిబ్, నిమెసులైడ్: వీటిలో ఏది కనపడినా పక్కన పెట్టి డాక్టర్‌కి చూపించండి.

వీటితో ముప్పు ఎలా వస్తుందంటే, మందగించిన కిడ్నీ తనలోకి రక్తం వచ్చే సన్నటి నాళాన్ని ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల సాయంతో తెరిచి ఉంచుకుంటుంది. ఈ బిళ్ళలు నొప్పి తగ్గించేది ఆ రసాయనాలను ఆపే. నొప్పితోపాటు కిడ్నీకి వెళ్ళే రక్తమూ తగ్గిపోతుంది. పైన టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్ర, కాళ్ళ వాపుకి నీళ్ళు తీసే మాత్ర కూడా ఉంటే మూడూ కలిసి కొద్ది రోజుల్లోనే కిడ్నీని కుప్పకూల్చగలవు.

మన దగ్గర అసలు చిక్కు జంట మాత్రలతోనే. "పారాసిటమాలే కదా" అని తెచ్చుకున్న బిళ్ళలో ఎసిక్లోఫెనాక్ కలిసి ఉంటుంది. పేరు చివర ఒకటి రెండు అక్షరాలో "ప్లస్" అనో తోక ఉంటే షీటు వెనక్కి తిప్పి చదవకుండా వేయొద్దు. ఊళ్ళో ఇంజక్షన్ చేసే ఆయన వస్తే సీసా చూపించమనండి. "నొప్పి సూది" అంటే చాలాసార్లు డైక్లోఫెనాకే. మొహమాటపడకండి.

ఒకచోట పైపైన రాసే డైక్లోఫెనాక్ జెల్‌లోంచి రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ. అయినా అడిగే రాయండి. గుండెకని రోజూ వేసే 75 మి.గ్రా. ఆస్పిరిన్ వేరే లెక్క, దాన్ని మీరే ఆపేయొద్దు. నీళ్ళలో వేస్తే బుసబుస పొంగే బిళ్ళల్లో ఉప్పు ఎక్కువ. ఏముందో రాసి లేని భస్మాలు, పసరు మందులు ఈ మనిషికి అస్సలు వద్దు, నా మాట వింటే ఇందులో బేరం లేదు.

4. పారాసిటమాల్‌ను వేళకి ఇవ్వండి

కిడ్నీకి భయపడక్కర్లేని మొదటి మందు ఇదే. 500 లేదా 650 మి.గ్రా. చొప్పున ఆరు నుంచి ఎనిమిది గంటలకొకసారి ఇవ్వడం మామూలు. పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి 3 గ్రాములు దాటొద్దు. 50 కిలోల లోపు ఉండి, తిండి సరిగా తిననివాళ్ళకి, కాలేయంలోకి క్యాన్సర్ పాకినవాళ్ళకి 2 గ్రాముల దగ్గరే ఆపమంటారు. నొప్పి వచ్చాక వెతుక్కోవడం కాకుండా గడియారం చూసి ఇస్తే ఇది బాగా పనిచేస్తుంది. ట్రమడాల్‌తో కలిపిన మాత్ర కూడా రాసి ఉంటే అందులోని పారాసిటమాల్‌ను ఈ లెక్కలో కలపాలి.

5. పారాసిటమాల్‌కి లొంగకపోతే: ఏ మందు, ఎంత, ఎందుకు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో చెప్పిన మూడు మెట్ల నిచ్చెన ఇప్పటికీ చాలా చీటీల్లో కనిపిస్తుంది: మొదట పారాసిటమాల్ లాంటివి, తర్వాత ట్రమడాల్, కోడీన్, ఆపైన మార్ఫిన్. కిడ్నీ బాగున్న మనిషికి అది సరే. కిడ్నీ పాడైన మనిషి విషయంలో రెండో మెట్టూ మూడో మెట్టూ జాగ్రత్తగా మార్చుకోవాలి.

ట్రమడాల్ శరీరంలో మారి తయారయ్యే పదార్థం కిడ్నీ ద్వారానే బయటికి పోవాలి. పోకపోతే పేరుకుంటుంది. 30 లోపు ఉన్నవాళ్ళకి పన్నెండు గంటలకొకసారే ఇవ్వాలి, రోజుకి 200 మి.గ్రా. దాటకూడదు. పెద్దవాళ్ళకి 25 లేదా 50తో మొదలుపెట్టడం మేలు. మెల్లగా విడుదలయ్యే రకం మాత్రలు వీళ్ళకి వద్దు. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్నా, మానసిక కుంగుబాటుకి మందులు వాడుతున్నా ముందే చెప్పండి. రక్తంలో చక్కెర పడిపోవడం కూడా దీనితో ఉంది, షుగర్ మందులు వాడేవాళ్ళకి ఇది పట్టించుకోవాల్సిన సంగతి. టాపెంటడాల్‌ను 30 లోపు కిడ్నీకి సిఫార్సు చేయరు. కోడీన్, పెథిడిన్, పెంటజోసిన్ ఈ మనుషులకి పూర్తిగా వద్దు.

మార్ఫిన్ మంచి మందు, చవక మందు, క్యాన్సర్ నొప్పికి పెద్ద దిక్కు. అయితే కాలేయం దాన్ని మార్చినప్పుడు పుట్టే రెండు పదార్థాలు కిడ్నీ గుండానే పోవాలి. ఒకటి మగత పెంచి శ్వాస నెమ్మదింపజేస్తుంది, ఇంకొకటి కండరాలు ఎగరడానికీ కలవరింతలకీ దోవ తీస్తుంది. మొదటి రోజు హాయిగా నిద్రపోయిన మనిషి మూడో రోజుకి లేవకపోవడం ఇందువల్లే. 30 లోపు ఉంటే మార్ఫిన్ కాకుండా ఇంకో మందు అడగండి. 30 నుంచి 60 మధ్య ఉంటే చిన్న మోతాదులో, అంటే 2.5 మి.గ్రా. దగ్గర మొదలుపెట్టి, నాలుగు గంటలకి బదులు ఆరు లేదా ఎనిమిది గంటలకొకసారి ఇస్తూ చూస్తారు. పన్నెండు గంటలు పనిచేసే మార్ఫిన్ బిళ్ళ మాత్రం వీళ్ళకి పెట్టుకోకపోవడమే మంచిది, ఎక్కువైతే వెనక్కి తీసుకునే దారి ఉండదు.

కిడ్నీతో పెద్దగా పని లేని బలమైన మందులు మూడు. బుప్రెనార్ఫిన్‌ను కాలేయం మార్చి ఎక్కువగా మలం ద్వారా పంపేస్తుంది. వారానికొకసారి అంటించే ప్యాచ్‌గా గంటకి 5, 10, 20 మైక్రోగ్రాముల బలాల్లో దొరుకుతుంది. 5 బలం ప్యాచ్ రోజుకి దాదాపు 12 మి.గ్రా. నోటి మార్ఫిన్‌తో సమానం. అంత చిన్న మోతాదు నుంచి మొదలుపెట్టొచ్చు కాబట్టే పెద్దవాళ్ళకి ఇది బాగా కుదురుతుంది. రెండోది ఫెంటనిల్, మూడు రోజులకొకసారి మార్చే ప్యాచ్. ఇందులో ఒక ప్రమాదం ఉంది: గంటకి 25 మైక్రోగ్రాముల ఫెంటనిల్ ప్యాచ్ అంటే రోజుకి కనీసం 60 మి.గ్రా. మార్ఫిన్ తాగినట్టు. ఇదివరకు ఇలాంటి మందులు అలవాటు లేని 45 కిలోల మనిషికి దాన్ని నేరుగా అంటిస్తే ప్రాణం మీదకి వస్తుంది. మూడోది మెథడోన్. కిడ్నీకి మంచిదే కానీ రోజుల తరబడి ఒంట్లో నిలిచిపోతుంది, గుండె లయను మారుస్తుంది. దీన్ని బాగా తెలిసిన పాలియేటివ్ డాక్టరే (నొప్పి, బాధ తగ్గించే వైద్యం చేసేవారు) మొదలుపెట్టాలి.

ప్యాచ్ రోజంతా ఉండే నొప్పికి. స్నానం చేయించేటప్పుడో, పుండుకి కట్టు మార్చేటప్పుడో ఎగసే నొప్పికి విడిగా చిన్న మోతాదు రాయించుకోవాలి, దాన్ని పని మొదలెట్టడానికి ముందే ఇవ్వాలి. చీటీలో ఇది లేకపోతే అడిగి రాయించుకోండి.

"మార్ఫిన్ మొదలుపెట్టారంటే ఇంక ఆఖరే" అని బంధువులు అంటారు. నొప్పి బలంగా ఉంటే జబ్బు ఏ దశలోనైనా ఈ మందు ఇస్తారు, ఆఖరికి నెలల ముందైనా సరే. నొప్పి కోసం డాక్టర్ చెప్పినట్టు వాడే పెద్దవాళ్ళు దీనికి బానిసలవుతారన్న భయంతో మోతాదులు ఎగ్గొట్టొద్దు.

6. ప్యాచ్ అంటించే పద్ధతి

చెప్పడానికి స్టిక్కర్ అంటించినంత సులువు, కానీ ఇంట్లో తప్పులు జరిగేది ఇక్కడే. చోటు: భుజం కింద చేతి పై భాగం, ఛాతీ పైన, లేదా వీపు పైన. మతిమరుపు ఉన్నవాళ్ళకి చెయ్యి అందని వీపు మీదే వేయండి, లేకపోతే పీకేస్తారు. అక్కడ వెంట్రుకలుంటే కత్తెరతో కత్తిరించండి, గీయొద్దు. మామూలు నీళ్ళతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. సబ్బు, పౌడరు, కొబ్బరినూనె ఆ చోట తగలకూడదు. కవరు చించి, వెనక కాగితం తీసి, అంటుకునే వైపు మీ వేళ్ళు తగలకుండా పెట్టి, అరచేత్తో అర నిమిషం నొక్కి పట్టండి. పైన బాల్‌పెన్‌తో కాకుండా మెత్తటి మార్కరుతో తేదీ, వేళ రాయండి, క్యాలెండర్‌లోనూ మార్చాల్సిన రోజు గుర్తుపెట్టండి. మే నెలలో చెమటకి అంచులు లేస్తే అంచుల వెంబడి మాత్రం పేపరు టేపు వేయండి.

ప్యాచ్‌ను ముక్కలుగా కోయొద్దు. దాని మీద వేడినీళ్ళ సంచి, కాపడం, ఎండ తగలనివ్వొద్దు. వేడికి మందు ఒక్కసారిగా ఎక్కువగా లోపలికి పోతుంది. జ్వరం వచ్చినా అంతే, 102 దాటితే డాక్టర్‌కి ఫోన్ చేయండి. కొత్తది వేసేముందు పాతది తీశామా లేదా అని ఒళ్ళంతా చూడండి. కొత్తది వేరే చోట వేయాలి. బుప్రెనార్ఫిన్ అయితే మళ్ళీ అదే చోటికి మూడు వారాల దాకా రావొద్దు.

వేసిన మొదటి రోజే నొప్పి తగ్గలేదని కంగారు పడతారు. ఫెంటనిల్ పనిచేయడానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది, బుప్రెనార్ఫిన్ పూర్తి బలం తెలియడానికి మూడు రోజులు. అంతవరకు పాత మందు కొనసాగించాలా అని అడిగి తెలుసుకోండి. తీసేసిన తర్వాత కూడా చాలా గంటలు మందు ఒంట్లో ఉంటుంది. వాడేసిన ప్యాచ్‌లో సగం మందు మిగిలే ఉంటుంది కాబట్టి అంటుకునే వైపు లోపలికి మడిచి, మనవల చేతికి అందకుండా చూడండి.

7. నరాల నొప్పికి

ప్రిగాబలిన్, గాబాపెంటిన్ రెండూ దాదాపు మొత్తం కిడ్నీ ద్వారానే పోతాయి. మన షాపుల్లో ప్రిగాబలిన్ 75 మి.గ్రా. విటమిన్ బి12తో కలిపి ఎక్కువగా అమ్ముతారు, రోజుకి రెండు అని రాస్తారు. పైన లెక్కగట్టిన 26 ఉన్న ఆవిడకి రోజు మొత్తానికి పై హద్దే 150 మి.గ్రా. మొదలుపెట్టాల్సింది రాత్రిపూట 25తో. గాబాపెంటిన్ అయితే రాత్రి 100తో. రెండు మూడు రోజుల తర్వాత తూలుతుంటే, మాట ముద్దగా వస్తుంటే మందు ఎక్కువైందని అర్థం. మార్ఫిన్ జాతి మందుకి తోడు ఇది కూడా వాడుతుంటే మగత రెట్టింపవుతుంది.

నార్ట్రిప్టిలిన్ 10 మి.గ్రా. ఇంకో దారి. అమిట్రిప్టిలిన్ పెద్దవాళ్ళకి నోరెండబెట్టి, మూత్రం బిగపట్టి, మతి తప్పిస్తుంది. డులాక్సెటిన్ 30 లోపు వద్దు.

8. విరేచనం మందు మొదటి రోజు నుంచే

మార్ఫిన్ జాతి మందు ఏది మొదలైనా, ట్రమడాల్ అయినా సరే, అదే చీటీలో విరేచనానికి మందు ఉండాలి. మగత రోజులు గడిస్తే తగ్గుతుంది, మలబద్ధకం తగ్గదు. కడుపు బిగిస్తే తిండి మానేస్తారు, మూత్రం కూడా ఆగుతుంది, పొటాషియం పెరుగుతుంది.

సెన్నా లేదా బిసకొడిల్ రాత్రిపూట, దానికి తోడు లాక్టులోజ్ సిరప్, లేదా నీళ్ళలో కలిపే పాలిఇథిలీన్ గ్లైకాల్ పొడి. ఇవి కిడ్నీకి పడతాయి. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఉన్న తెల్లటి సిరప్‌లు, ఫాస్ఫేట్ ఎనిమాలు పడవు, ఒంట్లో పేరుకుంటాయి. ఇసాబ్‌గోల్ కూడా వద్దు. దానికి గ్లాసులకొద్దీ నీళ్ళు కావాలి, కిడ్నీ డాక్టర్ నీళ్ళు కొలిచి తాగమన్న మనిషికి అది లోపల గడ్డకట్టినట్టవుతుంది. అరటిపండు, కొబ్బరినీళ్ళు పొటాషియం చూసుకోకుండా ఇవ్వకండి. మూడు రోజులు విరేచనం కాకపోతే ఫోన్ చేయాల్సిందే.

9. మందు ఎక్కువైన గుర్తులు

మొదటి రెండు మూడు రోజులు కాస్త మగత సహజం. పిలిస్తే పలికి, రెండు ముద్దలు తిని మళ్ళీ పడుకుంటే భయం లేదు. కిందివి మాత్రం వేరే:

- గ్లాసు పట్టుకున్న చెయ్యి ఉన్నట్టుండి ఎగిరిపడటం, నిద్రలో కాళ్ళూ చేతులూ అదరడం
- లేనివాళ్ళు కనిపిస్తున్నారనడం, గాల్లో ఏదో పట్టుకుంటున్నట్టు చేతులాడించడం, దుప్పటి పీకడం
- భుజం తట్టి పిలిచినా కళ్ళు తెరిచి నిలపలేకపోవడం
- కంటిపాప గుండుసూది మొనంత అవడం
- నిమిషానికి శ్వాస పది కంటే తక్కువ

పొట్ట మీద చెయ్యి వేసి గడియారం చూస్తూ నిమిషం నిండా లెక్కపెట్టండి. మొదటి రెండు గుర్తులకి తర్వాతి మోతాదు ఆపి డాక్టర్‌తో మాట్లాడండి. మిగతావి కనిపిస్తే ప్యాచ్ తీసేసి 108కి ఫోన్ చేయండి, తీసిన ప్యాచ్‌ను కవర్లో పెట్టి వెంట తీసుకెళ్ళండి. నాలాక్సోన్ అనే విరుగుడు ఇంజక్షన్ ఆస్పత్రిలో ఉంటుంది.

నిన్నటిదాకా సరిపోయిన మోతాదు ఇవాళ ఎక్కువవడానికి తరచూ కారణం కిడ్నీ ఇంకాస్త పడిపోవడం. వాంతులు, విరేచనాలు, జ్వరం, వడగాల్పు రోజుల్లో నీళ్ళు తక్కువవడం, మూత్రం సగానికి తగ్గడం, వీటిలో ఏది జరిగినా ఆ రోజే ఫోన్ చేసి "మోతాదు అంతే ఉంచాలా, తగ్గించాలా?" అని అడగండి. క్రియాటినిన్ మళ్ళీ చేయించండి.

10. మాత్రలతో పనిలేని దారులు

వీటి గురించి మనవాళ్ళు తక్కువగా అడుగుతారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి మిగతావాళ్ళకంటే ఎక్కువ ఉపయోగపడేవి ఇవే, ఎందుకంటే కిడ్నీ మీద భారం వేయవు. ఎముకలోకి పాకిన క్యాన్సర్ నొప్పికి రేడియేషన్ ఒక్క పూటలో, 8 గ్రే మోతాదుతో, ఇచ్చినా నొప్పి తగ్గించడంలో పదిసార్లు ఇచ్చినదానితో దాదాపు సమానం. నడవలేని మనిషిని రెండు వారాలు తిప్పాల్సిన పని తప్పుతుంది. ఫలితం తెలియడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పడుతుంది. క్లోమం క్యాన్సర్‌లో కడుపు నుంచి వీపుకి పాకే నొప్పికి నరాల ముడిలో ఇంజక్షన్ చేసే పద్ధతి ఉంది.

ఎముకలకి ఎక్కించే జోలెడ్రానిక్ యాసిడ్‌ను కిడ్నీ అంకె చూసి తగ్గించాలి, 30 లోపు ఇవ్వరు. అదే పనికి వేసే డెనొసుమాబ్ ఇంజక్షన్‌కి మోతాదు మార్చక్కర్లేదు కానీ కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోతుంది. ముందు కాల్షియం, విటమిన్ డి చూడకుండా వేయించుకోకండి. వాపు వల్ల నరం నొక్కుకుంటే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ బాగా పనిచేస్తుంది. పొద్దున్నే ఇవ్వాలి, రాత్రి ఇస్తే నిద్ర పట్టదు. దీనితో రక్తంలో చక్కెర కూడా పెరుగుతుంది.

11. డయాలసిస్ చేయించుకుంటుంటే

గాబాపెంటిన్, ప్రిగాబలిన్ డయాలసిస్‌లో బయటికి పోతాయి కాబట్టి ఆ రోజు మోతాదు యంత్రం నుంచి దిగాక ఇవ్వాలి. మార్ఫిన్ కూడా కొంత పోయి మళ్ళీ పెరుగుతుంది, ఆ ఎత్తుపల్లాల వల్ల నొప్పి ఒకసారి, మగత ఒకసారి వస్తాయి. ఫెంటనిల్, బుప్రెనార్ఫిన్ ప్యాచ్‌లు డయాలసిస్‌తో కదలవు. జబ్బు బాగా ముదిరాక డయాలసిస్ ఆపాలని కుటుంబం నిర్ణయించుకుంటే నొప్పి మందులు ఆపాలని కాదు. ఆ చర్చ జరిగే గదిలోనే నొప్పికి, ఆయాసానికి ఏ మందులు ఇస్తారో కూడా తేల్చుకోండి.

12. ఈ మందులు ఎక్కడ దొరుకుతాయి

మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్ మామూలు మందుల షాపులో దొరకవు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టాన్ని (మత్తుమందుల నియంత్రణ చట్టం) 2014లో సవరించాక, రాష్ట్రం గుర్తింపు ఇచ్చిన వైద్య సంస్థలు వీటిని నిల్వ పెట్టుకుని ఇవ్వగలవు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ విభాగం ఏళ్ళ తరబడి నడుస్తోంది. తెలంగాణలో జిల్లా ఆస్పత్రుల్లో పాలియేటివ్ కేంద్రాలు, ఇళ్ళకి వచ్చి చూసే ఆలన బండ్లు ఉన్నాయి. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. హైదరాబాద్‌లో జబ్బు ముదిరినవాళ్ళని చూసుకునే స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా చూస్తుంది. ఎక్కడికెళ్ళినా రోగిని ప్రతిసారీ మోసుకెళ్ళక్కర్లేకుండా మందు ఎవరు తీసుకోవచ్చో, ఏ కాగితాలు కావాలో మొదటిసారే అడగండి. మందు అయిపోవడానికి వారం ముందే బయల్దేరండి.

13. ఆగకూడని సందర్భాలు

కొత్తగా నడుం లేదా వీపు నొప్పి వచ్చి, దాంతోపాటు కాళ్ళు బలం తగ్గినా, మొద్దుబారినా, మూత్రం బిగిసినా వెన్నుపాము నొక్కుకుంటోందని అనుమానించాలి. అదే రాత్రి పెద్దాస్పత్రికి వెళ్ళాలి, తెల్లారేసరికి కాళ్ళు పూర్తిగా పడిపోవచ్చు. చిన్న కదలికకే ఎముక విరిగినట్టు నొప్పి, మూత్రం పూర్తిగా ఆగిపోవడం, ఫిట్స్, ఆగని వాంతులతో మందు నిలవకపోవడం కూడా ఇంట్లో చూసుకునేవి కావు. వెళ్ళేటప్పుడు రెండు ఫైళ్ళూ, నోట్‌బుక్కూ, అంటించి ఉన్న ప్యాచ్ కవరూ సంచిలో వేసుకోండి. క్యాజువాలిటీలో సూది వేసేముందు "కిడ్నీ ఇంత ఉంది, డైక్లోఫెనాక్ వద్దు, ఒంటిమీద ప్యాచ్ ఉంది" అని మీరే ముందు చెప్పండి.